ఇల్లు కాలాక ఏ పని ముందు, ఏ పని తర్వాత

మంట ఆరిపోయింది, ఫైరింజన్ వెళ్లిపోయింది. గడప మీంచి నల్లటి నీళ్లు పారుతున్నాయి. ఆ సమయంలో ఎవరికైనా చీపురు తీసుకుని లోపలికి వెళ్లి ఊడ్చేయాలనిపిస్తుంది. మేమూ అదే చేశాం. మా ఇంట్లో కాలింది వంటగది ఒక్కటే. మిగతా గదుల గోడలకు పట్టిన మసిని మర్నాడు పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేశాం. సాయంత్రానికి ఆ మసి కాస్తా గోడలోకి ఇంకిపోయింది. తర్వాత రెండు పూతలు రంగు వేయించినా పసుపు మరకలు పైకి తేలాయి. అగ్గి పాడు చేసింది ఒక గదిని, మేం పాడు చేసుకున్నది మూడు గదుల్ని.

చేయాల్సిన పనులేమిటో చాలామందికి తెలుసు. నష్టం ఎక్కువగా జరిగేది వాటి వరుస తప్పినప్పుడే. అందుకే అదే వరుసలో రాస్తున్నాను.

మొదటి కొన్ని గంటలు: ముందు మనుషుల సంగతి

పొగ పీల్చిన ప్రతి ఒక్కరినీ డాక్టరుకు చూపించండి. "నాకేం కాలేదు, బాగానే ఉన్నాను" అన్నవాళ్లను కూడా. పరుపుల్లోని ఫోమ్, ప్లాస్టిక్ కాలితే కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు కూడా వస్తుంది. గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, తలనొప్పి, అయోమయం లాంటివి కొన్ని గంటలు ఆలస్యంగా బయటపడవచ్చు. చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్ల విషయంలో అసలు ఆలస్యం చేయకూడదు. ఇంట్లో రోజూ వేసుకునే మందులు కాలిపోయి ఉంటాయి, ఆ చీటీలు కూడా అప్పుడే రాయించుకోండి.

ఫైర్ అధికారి వెళ్లేలోపు మూడు విషయాలు అడగండి. లోపలికి ఎప్పుడు వెళ్లొచ్చు? కరెంటు, గ్యాస్ ఎక్కడ ఆపారు? ఫైర్ రిపోర్ట్ ఎవరిస్తారు, దాని నంబరెంత? ఈ రిపోర్ట్ తర్వాత ఇన్సూరెన్సుకీ, పోయిన కాగితాలు మళ్లీ తీయించుకోవడానికీ, రిపేర్ల అనుమతులకీ అడుగడుగునా అవసరమవుతుంది.

అనుమతి వచ్చేదాకా లోపలికి వెళ్లకండి. పరుపుల్లో, పైకప్పు సందుల్లో, గోడల మధ్య నిప్పు పొగ కూడా రాకుండా గంటల తరబడి రాజుకుంటూ ఉండి, మళ్లీ అంటుకోగలదు. ఎక్కడైనా పొగ లేచినా, గోడ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలినా ఫైర్ స్టేషన్‌కి మళ్లీ ఫోన్ చేయండి. "ఇప్పుడేగా వెళ్లారు, మళ్లీ పిలిస్తే ఏమనుకుంటారో" అనే మొహమాటం వద్దు.

ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది తేలాక ఇల్లు భద్రం చేయండి. పగిలిన కిటికీలకు చెక్కలు కొట్టించి, పైకప్పు తెరుచుకుపోయిన చోట టార్పాలిన్ కప్పి, తలుపుకు తాళం వేయాలి. నష్టం ఇంకా పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత యజమానిదేనని చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో ఉంటుంది. టార్పాలిన్ కొన్న రసీదు కూడా దాచండి.

లోపలికి మొదటిసారి వెళ్లేటప్పుడు

పగటి వెలుగులో వెళ్లండి, ఒంటరిగా వద్దు. మందపాటి అడుగున్న బూట్లు, పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు, కనీసం ఎన్-95 స్థాయి మాస్కు తప్పనిసరి. మామూలు గుడ్డ మాస్కు మసిలోని సన్నటి కణాలను ఆపదు. పాత ఇళ్లలో సిమెంటు రేకులు, పైపుల చుట్టూ ఉన్న పూత ఆస్‌బెస్టాస్‌వి అయ్యే అవకాశం ఉంది. ఆ పీచు పీలిస్తే ఊపిరితిత్తులకు హాని, కాబట్టి అవి పగిలి ఉంటే మీరు కదపకండి, ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి. పిల్లల్ని మాత్రం తీసుకెళ్లొద్దు.

స్విచ్చులు ఏవీ వేయకండి. పైకి బాగానే కనిపిస్తున్న ఫ్యాన్ కూడా. మామూలు ఇంటి వైర్ల పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకు పనిచేసేలా చేసినది. పక్క గదిలో మంట ఉంటే, ఈ గోడలోని వైరు బయటకు కనబడకుండానే మెత్తబడి, లోపల తీగలు ఒకదానికొకటి ఆనుకుని ఉండవచ్చు. ఇంటి మీద సోలార్ పలకలు ఉంటే ఇంకో జాగ్రత్త. మెయిన్ ఆపేసినా ఎండ ఉన్నంతసేపు వాటిలో కరెంటు పుడుతూనే ఉంటుంది.

వేడి తగిలిన లిథియం బ్యాటరీలదీ ఇలాంటి ప్రమాదమే. ఫోన్, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్, ఎలక్ట్రిక్ స్కూటర్ దేనిలోవైనా సరే, రోజుల తర్వాత కూడా అవి అంటుకోగలవు. "పనిచేస్తుందేమో చూద్దాం" అని ఛార్జింగ్ పెట్టకండి. కదపగలిగిన వాటిని ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టి, పారేసే పద్ధతి ఫైర్ సిబ్బందిని అడగండి.

ఇక ఇనప్పెట్టె. ప్రాణం దాని మీదే ఉంటుంది, నాకు తెలుసు. కానీ మంట తగిలిన పెట్టె లోపలి వేడి గంటల తరబడి తగ్గదు. తలుపు తీయగానే గాలి తగిలి, అప్పటిదాకా మాడకుండా ఉన్న కాగితాలు భగ్గుమంటాయి. చేతికి పూర్తిగా చల్లగా తగిలేదాకా, వీలైతే ఇంకో రోజు ఆగి తెరవండి.

ముట్టుకునే ముందు ఫొటోలు

ఒక్క వస్తువు కూడా జరపకముందే ప్రతి గదినీ నాలుగు మూలల నుంచీ వీడియో తీయండి. తర్వాత గోడలు, సీలింగు, అల్మరాల లోపలి భాగాలు. ఆ తర్వాత విడివిడిగా వస్తువులు, మోడల్ నంబరు కనిపించేలా. కాలి ముద్దయిపోయిన టీవీని కూడా తీయండి, అది టీవీ అని చెప్పే గుర్తు ఏదో ఒకటి దొరుకుతుంది.

దీనికి ఇన్సూరెన్సు ఒక్కటే కారణం కాదు. బిల్డింగును పరిశీలించే ఇంజనీరు కూడా శిథిలాలను చదువుతారు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాగి 1085 దగ్గర. గదిలో అల్యూమినియం గిన్నె కరిగి రాగి తీగ కరగకుండా ఉంటే, అక్కడ వేడి ఎంతవరకు వెళ్లిందో సుమారుగా అంచనా వేయొచ్చు. ఆ గిన్నె ఏ ఎత్తులో, ఏ మూల దొరికిందన్నదీ ముఖ్యమే. అన్నీ ఊడ్చి వాకిట్లో కుప్ప పోస్తే ఆ ఆధారం పోతుంది.

బూడిదను చెత్త బండిలోకి ఎత్తించే ముందు జల్లెడ పట్టించండి. స్వచ్ఛమైన బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నగల బంగారం ఇంకాస్త తక్కువకే. కరిగినా ఆవిరైపోదు, బీరువా ఉన్న చోటే ముద్దగానో గుండ్లుగానో ఉంటుంది. సగం కాలిన నోట్ల కట్టల్ని విడదీయకండి, దులపకండి. ఉన్న డబ్బాతో సహా ఉంచి బ్యాంకులో అడగండి. నోటులో తగినంత భాగం మిగిలి ఉంటే మార్చి ఇచ్చే నిబంధనలు చాలా దేశాల కేంద్ర బ్యాంకులకు ఉన్నాయి.

నీళ్ల పని ఆగదు

మంట ఆర్పడానికి కొట్టిన నీళ్లు పరుపుల్లో, గోడల్లో, చెక్క అల్మరాల వెనక నిలిచి ఉంటాయి. తడి అలాగే ఉంటే 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. ఫొటోలు అయిపోగానే చేయాల్సిన మొదటి పని అందుకే ఆరబెట్టడం. నీళ్లు తోడి, తడిసిన తివాచీలు, పరుపులు బయటికి తీసి, కిటికీలు తెరవాలి. కరెంటు లేదు కాబట్టి బయటి నుంచి జనరేటరు పెట్టి ఫ్యాన్లు నడపాల్సి వస్తే, జనరేటరు మాత్రం ఇంట్లోగానీ వరండాలోగానీ పెట్టొద్దు. దాని పొగలోనూ కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అప్పటికే ఒకసారి అది పీల్చిన మనుషులు మీరు. గదిలో పొడి మసి దట్టంగా ఉంటే ఫ్యాన్ గాలి నేరుగా దాని మీదికి కొట్టకుండా చూడండి, లేకపోతే ఇల్లంతా అదే పరుచుకుంటుంది.

తడిసిన కాగితాలు, ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే లాగకండి. రెండు రోజుల్లో ఆరబెట్టలేమనుకుంటే ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయండి. గడ్డకట్టిన కాగితం మీద బూజు పెరగదు, తీరిగ్గా ఒక్కొక్కటీ చూసుకోవచ్చు. దస్తావేజు మొదలు పెళ్లి ఆల్బమ్ దాకా అన్నిటికీ ఇదే ఉపాయం. అతుక్కుపోయిన ఫొటోలు అలాగే ఆరిపోతే మాత్రం విడదీయడం దాదాపు అసాధ్యం.

ఇన్సూరెన్సుతో మాట్లాడేటప్పుడు

మొదటి రోజే ఫోన్ చేయండి, అదే విషయం రాతపూర్వకంగా కూడా పంపండి. ఆ తర్వాత ఎవరితో మాట్లాడినా తేదీ, పేరు, వాళ్లు చెప్పినది ఒక నోటుబుక్కులో రాయడం అలవాటు చేసుకోండి. నెలల తర్వాత "అలా ఎవరన్నారండీ?" అని అడిగినప్పుడు ఆ పుస్తకమే దిక్కు. నష్టం అంచనా వేయడానికి ఇన్సూరెన్సు కంపెనీ పంపే సర్వేయరు చూడకముందు ఏదీ పారేయొద్దు. కుళ్లిపోయేవి పారేయక తప్పకపోతే ముందు ఫొటో తీసి, రాసుకుని పారేయండి.

పాలసీలో మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. మొదటిది, పోయిన వస్తువుకు కొత్తది కొనే ఖర్చు ఇస్తారా, తరుగుదల తీసేసి ఇస్తారా అన్నది. పదేళ్ల ఫ్రిజ్ విషయంలో ఈ రెండింటికీ పోలికే ఉండదు. రెండోది, ఇల్లు బాగయ్యేదాకా బయట అద్దెకుండే ఖర్చు వస్తుందా, ఎన్ని నెలలు వస్తుంది అన్నది. మూడోది చాలామందిని దెబ్బతీసేది: ఇంటి అసలు విలువ కంటే తక్కువకు ఇన్సూర్ చేశారా? అలా చేసి ఉంటే చాలా పాలసీల్లో చెల్లింపూ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఇంటి విలువ 100 అనుకుందాం, మీరు 60కే ఇన్సూర్ చేశారు, నష్టం 30 జరిగింది. 60లోపే కదా, మొత్తం 30 వస్తుందనుకుంటాం. వచ్చేది 18.

వస్తువుల జాబితా ఒక్క రోజులో పూర్తవదు. జ్ఞాపకం మీద ఆధారపడితే సగం మర్చిపోతాం. పాత పుట్టినరోజు ఫొటోలు, బంధువుల ఫోన్లలోని వీడియోలు తెప్పించుకుని వాటి వెనక కనిపించే గదిని చూడండి. ఆన్‌లైన్ ఆర్డర్ల చరిత్ర, కార్డు స్టేట్‌మెంట్లు కూడా సాయపడతాయి. ఒక్కో సొరుగూ మనసులో తెరుస్తూ రాయండి. అడ్వాన్సుగా కొంత డబ్బు ఇస్తే తీసుకోండి, కానీ "ఇంతటితో పూర్తి పరిష్కారం" అని రాసున్న కాగితం మీద తొందరపడి సంతకం పెట్టకండి. గోడ విప్పాక బయటపడే నష్టం చాలా ఉంటుంది. ఇంటి లోన్ ఉంటే బ్యాంకుకు కూడా చెప్పండి, వాయిదాలు వాటంతటవే ఆగవు.

ఈ రోజుల్లోనే గుమ్మం దగ్గరికి కాంట్రాక్టర్లు వస్తారు. "మీ ఇన్సూరెన్సు సంగతి మేం చూసుకుంటాం, ఇక్కడ సంతకం పెట్టండి చాలు" అంటారు. మంచివాళ్లూ ఉండవచ్చు. అయినా మొదటి వారంలో ఏ ఒప్పందమూ చేసుకోకండి.

మసి తుడవడం

మసిలో బూడిద ఒక్కటే ఉండదు. వైర్లు, పైపుల్లోని పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది గాలిలోని తేమతో కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. కుళాయిలు, తాళాలు, పనిముట్లు రోజుల్లో తుప్పు పట్టడానికి, అద్దాలు మసకబారడానికి కారణం ఇదే. లోహపు వస్తువుల్ని ముందుగా తుడిచి, సన్నగా నూనె రాసి పెట్టండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పొడి పడిన చోట్లను కూడా వెంటనే శుభ్రం చేయాలి. అదీ తేమ తగిలితే లోహాన్ని తినేస్తుంది.

గోడల సంగతి మొదట్లోనే చెప్పాను. పొడి పని పూర్తయ్యేదాకా నీళ్లు ముట్టుకోవద్దు. ముందుగా సన్నటి కణాలను కూడా పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌తో, దాని మూతి గోడకు తాకకుండా, మసిని పీల్చాలి. మామూలు వాక్యూమ్ అయితే వెనక నుంచి సన్నటి మసిని మళ్లీ గదిలోకే ఊదుతుంది. తర్వాత మసి తుడవడానికే చేసిన పొడి రబ్బరు స్పాంజితో సీలింగు నుంచి మొదలుపెట్టి కిందికి, ఒకే దిశలో తుడవాలి. స్పాంజి నల్లబడితే కడగకూడదు, పైపొర కోసేసి వాడుకోవాలి. అదయ్యాకే డిటర్జెంటు నీళ్లు. ఆ నీళ్లతో మాత్రం కింది నుంచి పైకి తుడవాలి, లేకపోతే పై నుంచి కారిన చారలు పొడి గోడ మీద ముద్రపడిపోతాయి.

అయితే మసి అంతా ఒకలా ఉండదు. కాగితం, చెక్క మండితే వచ్చేది పొడిపొడిగా ఉండి తేలిగ్గా వస్తుంది. ప్లాస్టిక్, రబ్బరు నెమ్మదిగా కాలితే జిగురు మసి వస్తుంది, రుద్దితే ఇంకా పరుచుకుంటుంది. అది నిపుణుల పనే. పొయ్యి మీద మాంసం మాడి వచ్చిన పొగ కంటికి దాదాపు కనిపించదు, సన్నటి పసుపు జిడ్డులా ఉంటుంది, కమురు వాసన మాత్రం వదలదు. "గోడ తెల్లగానే ఉందిగా" అని వదిలేసిన వంటగదులు నెలల తరబడి వాసన కొట్టేది దీనివల్లే.

వాసన తీయడానికి ఓజోన్ యంత్రాలు తెచ్చేవాళ్లున్నారు. అవి నడుస్తున్నప్పుడు ఇంట్లో మనుషులు, పెంపుడు జంతువులు, మొక్కలు ఏవీ ఉండకూడదు, ఊపిరితిత్తులకు హాని. మసి పూర్తిగా తీయకుండా ఓజోన్ పెట్టించడం డబ్బు దండగ.

ఏది ఉంచాలి, ఏది పారేయాలి? వేడి లేదా పొగ తగిలిన తిండి, మందులు, సౌందర్య సాధనాలు మూత తీయనివైనా పారేయండి. వేడి తగిలిన డబ్బా ఆహారం కూడా. పసిపిల్లల మెత్తటి బొమ్మలు, పరుపులు, దిండ్ల మీద ఆశ వదులుకోవడమే మేలు. బట్టలు మాత్రం చాలావరకు దక్కుతాయి. ఆరుబయట దులిపి, ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టకండి. వేడి తగిలితే మరక, వాసన రెండూ నూలులో స్థిరపడతాయి. కంప్యూటర్లను ఆన్ చేయొద్దు, మసి కరెంటును ప్రవహింపజేస్తుంది. యంత్రం పోయినా లోపలి డిస్కు నుంచి డేటా తీయగలిగే అవకాశం ఉంటుంది, ఒకసారి ఆన్ చేస్తే అదీ పోవచ్చు.

నీటి పైపులను మర్చిపోకండి. 2017లో అమెరికాలోని శాంటా రోసాలో, 2018లో ప్యారడైజ్ పట్టణంలో కార్చిచ్చుల తర్వాత తాగునీటి పైపుల్లో క్యాన్సర్ కారకమైన బెంజీన్ బయటపడింది. వేడికి మెత్తబడిన ప్లాస్టిక్ పైపులు ఉంటే వాటిని మార్పించి, నీళ్లు పరీక్ష చేయించాకే తాగండి.

ఇల్లు నిలబడుతుందా?

ఈ ప్రశ్నకు జవాబు మేస్త్రీ చెప్పకూడదు, స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. ఒక గది పూర్తిగా అంటుకుంటే ఎంత వేడి పుడుతుందో ఊహించడానికి ఒక లెక్క ఉంది. నిర్మాణాల అగ్ని పరీక్షలకు వాడే ప్రామాణిక కొలిమిలో వేడి 30 నిమిషాలకు 842 డిగ్రీలు, గంటకు 945 డిగ్రీలకు చేరుతుంది.

కాంక్రీటు సుమారు 300 డిగ్రీలు దాటాక బలం కోల్పోవడం మొదలుపెడుతుంది. అందులోని కంకర రకాన్ని బట్టి ఆ వేడికి గులాబీ రంగు తిరగడం కూడా చూస్తాం. పెచ్చులూడిన చోట గులాబీ రంగు ఎంత లోతు వరకు ఉందో చూసి, ఆ లోతు వరకు దెబ్బతిందని ఇంజనీర్లు అంచనా వేస్తారు. ఇనుప చువ్వలు 550-600 డిగ్రీల దగ్గర దాదాపు సగం బలం కోల్పోతాయి. వేడి మీద సాగదీసి చేసిన చువ్వలు అక్కడిదాకా వేడెక్కినా చల్లారాక చాలావరకు కోలుకుంటాయి. చల్లగా మెలితిప్పి చేసిన పాతరకం చువ్వలు అలా కోలుకోవు. మీ ఇల్లు ఎప్పుడు కట్టారు, ఏ చువ్వలు వాడారు అన్నది ఇంజనీరు అడిగితే అందుకే.

కాంక్రీటు గట్టిదనాన్ని సుత్తి దెబ్బతో చూసే రీబౌండ్ హ్యామర్, లోపలి లోపాలను ధ్వని తరంగాలతో చూసే అల్ట్రాసోనిక్ పరీక్ష, అనుమానం ఉన్నచోట కాంక్రీటు ముక్క (కోర్) తీసి చేసే పరీక్ష, ఈ మూడింటి ఫలితాలూ రాతపూర్వకంగా అడగండి. చెక్క దూలాల విషయం వేరు. చెక్క నిమిషానికి సుమారు అర మిల్లీమీటరు నుంచి 0.7 మిల్లీమీటరు చొప్పున బొగ్గవుతుంది, ఆ బొగ్గు పొరే లోపలి చెక్కను కాపాడుతుంది. పైకి భయంకరంగా నల్లబడిన లావుపాటి దూలం లోపల గట్టిగా ఉండొచ్చు. కాలిన భాగం చెక్కేసి మిగిలిన మందం సరిపోతుందో లెక్క కట్టాలి. పైకి నిటారుగా నిలబడ్డ ఇనుప గర్డరు ఒక్కోసారి అంతకంటే ప్రమాదం.

కట్టేటప్పుడు

అనుమతులు తీసుకోండి, పాత ఇల్లే కదా అనుకోవద్దు. పాత నిబంధనల ప్రకారం కట్టిన దాన్ని ఇప్పుడు కొత్త నిబంధనల ప్రకారం కట్టాల్సి రావచ్చు, ఆ అదనపు ఖర్చు పాలసీలో ఉందో లేదో ముందే చూసుకోండి. పని వరుస ఇలా పోవాలి: శిథిలాల తొలగింపు, నిర్మాణ బలోపేతం, పైకప్పు, వైరింగు, ప్లంబింగు, ప్లాస్టరింగు, మసి పట్టిన మిగతా భాగాలకు మరక, వాసన పైకి రాకుండా మూసేసే లక్క ప్రైమరు, ఆ పైన రంగులు. తేమ మీటరుతో గోడలు, చెక్క ఆరాయని తేలకముందు ప్లాస్టరింగు మొదలుపెట్టనివ్వకండి. "బాగానే ఆరిందండీ" అని చేత్తో తడిమి చెప్పేస్తారు, వినొద్దు.

వైరింగులో అతుకులు వద్దు. వేడి తగిలిన సర్క్యూట్ మొత్తం కొత్తగా లాగించి, వైరు తొడుగు సరిగ్గా ఉందో చూసే మెగ్గర్ పరీక్ష అయ్యాకే కరెంటు ఇప్పించండి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపియర్ల బ్రేకరు (ఆర్‌సీసీబీ) పెట్టించండి, వీలైతే తీగల మధ్య నిప్పురవ్వల్ని పసిగట్టే బ్రేకరు కూడా. ప్రతి పడకగదిలో, ప్రతి అంతస్తులో పొగ అలారం ఉండాలి, పదేళ్లకోసారి మార్చాలి. కిటికీ గ్రిల్స్‌లో కనీసం ఒకటి లోపలి నుంచి తాళం చెవి లేకుండా తెరుచుకోవాలి. పడకగదులకు గట్టి తలుపులు పెట్టించి రాత్రిళ్లు మూసి పడుకోండి, మూసిన తలుపు పొగనీ వేడినీ చాలాసేపు ఆపుతుంది.

ఈ నెలల్లో మనుషులు

పిల్లలు మళ్లీ పక్క తడపడం, అగ్గిపుల్ల వెలిగిస్తే ఏడవడం, అమ్మను వదలకపోవడం జరుగుతుంటాయి. పెద్దవాళ్లు కోపంగా, ఏ చిన్న నిర్ణయమూ తీసుకోలేనట్టు తయారవుతారు. నాకైతే ఎక్కడైనా ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే చాలాకాలం గుండె దడ వచ్చేది. కొన్ని వారాల్లో తగ్గుతూ వస్తే సరే. నిద్ర, పని రెండూ దెబ్బతింటూనే ఉంటే మానసిక వైద్యుల్ని కలవండి. ఇన్సూరెన్సు టెన్షన్ అంతా ఇంట్లో ఒక్కరి మీదే పడనీయకండి. కాగితాలు ఒకరు, కాంట్రాక్టరుతో మాటలు ఇంకొకరు చూసుకుంటే నయం.

ఇల్లు పూర్తయ్యాక కాంట్రాక్టరు చివరి వాయిదా అడుగుతాడు. దాన్ని కొంతకాలం ఆపి ఉంచుకునేలా ముందే ఒప్పందంలో రాయించుకోండి. పొడి వాతావరణంలో రాని కమురు వాసన తేమకు బయటికొస్తుంది. గట్టిగా వాన పడిన రోజున తలుపులు, కిటికీలు మూసి, రెండు గంటలు బయట తిరిగొచ్చి, ఒక్కో గదిలోకి వెళ్లి వాసన చూడండి. ఏ గదిలోనూ రాకపోతే ఆ డబ్బు ఇచ్చేయండి.